పదొద్దులు గడిచినంక రాసుకోవడం

మన తెలంగాణ దిక్కు ఊళ్లలో మనిషి పోతే ఆడవాళ్లు శోకాలు పెట్టి ఏడుస్తారు. వాడకట్టు అవతల నుంచి వినేవాళ్లకు అది ఉత్త ఏడుపే. పక్కన కూర్చుని విన్నవాళ్లకు అందులోని వరుస తెలుస్తుంది. ముందు పోయినమనిషిని పిలుస్తారు. తర్వాత ఆ మనిషి చేసినవి ఒక్కొక్కటిగా చెప్తారు, ఏ చెలక కొన్నడు, ఏ బిడ్డ పెండ్లి ఎట్ల చేసిండు, దవాఖానకు పోయేముందు ఏమన్నడు అని. ఆ తర్వాత నిష్ఠూరం, నన్నెవరి చేతుల్ల పెట్టి పోయినవని. చివరకు రేపటి సంగతి, మోటరు ఎవరు పెడతరు, పిల్ల ఫీజు ఎవరు కడతరు అని. పిలుపు, లెక్క, నిష్ఠూరం, రేపు. దుఃఖం చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి కొలత ఎవరూ కనిపెట్టలేదు.

అయితే ఆ శోకానికి గడువు ఉంది. పదొద్దులో పదకొండొద్దులో అయినంక చుట్టాలు బస్సెక్కుతారు. నెల మాసికం దాకా ఎవరో ఒకరు వస్తుంటారు. మూడో నెలకు ఫోన్లు తగ్గిపోతాయి. అప్పుడు ఏడిస్తే "ఇంకెన్ని రోజులు ఏడుస్తవు, పిల్లల మొఖం చూడు" అంటారు. భార్య పోయిన మగవాళ్లకైతే ఆ పదిరోజులు కూడా లేవు. శోకం తీసే అలవాటే వాళ్లకు లేదు కనుక మొదటి రోజు నుంచీ గోడకు ఆనుకుని కూర్చోవడమే. సమస్య ఏమిటంటే, చెప్పాల్సిన మాటలు ఎక్కువయ్యేది సరిగ్గా వినేవాళ్లు వెళ్లిపోయినంకనే. రాసుకోవడం పనికొచ్చేది ఆ ఖాళీలో.

అది ఎంతవరకు పనికొస్తుంది? ఇక్కడ చాలామంది ఒక తప్పుడు ఆశతో మొదలుపెట్టి, రెండు వారాలకు పుస్తకం మూసేస్తారు. కాబట్టి ముందు ఈ చిక్కు విప్పాలి.

రాయడం మనసుకు, ఒంటికి మంచిదన్న మాట ప్రధానంగా 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. విద్యార్థుల్ని వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయమన్నారు. కొందరు మామూలు విషయాలు రాశారు, కొందరు జీవితంలో బాగా కలచివేసిన సంఘటన గురించి రాశారు. జరిగింది, దాని మీద తమకు అనిపించింది రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. ఇంకో సంగతి కూడా అందులోనే తేలింది. రాసిన వెంటనే వాళ్లకు తేలిక కాలేదు, బాధ ఎక్కువైంది. మేలు తర్వాత కనబడింది. ఈ రెండో ముక్క ఎవరూ చెప్పరు. అందుకే మొదటి రోజు రాసి, గుండె బరువెక్కి, "ఇది నాతోని కాదు" అని వదిలేసేవాళ్లు అంతమంది.

కానీ ఆ ఫలితాన్ని నేరుగా భర్తనో భార్యనో కోల్పోయినవాళ్లకు అంటగట్టకూడదు. మార్గరెట్ స్ట్రోబ్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్తగా జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్ల చేత ఇట్లాగే మనసులోది రాయించి చూశారు. రాసినవాళ్లు రాయనివాళ్ల కంటే త్వరగా కోలుకోలేదు. అంటే దుఃఖాన్ని కాగితం మీద ఒలకబోస్తే చాలు, అదే తగ్గుతుందన్నది నిజం కాదు. మరో పక్క 2006లో బిర్గిట్ వాగ్నర్, ఆమె సహచరులు దుఃఖం గడ్డకట్టినట్టు ఉండిపోయినవాళ్లతో పనిచేశారు. ఐదు వారాలు, వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు రాయించారు. ఏం రాయాలో వరుసగా చెప్పారు, రాసినదానికి చికిత్సకులు జవాబు రాశారు. వాళ్లలో బాధ స్పష్టంగా తగ్గింది. రెంటికీ తేడా ఎక్కడుంది? రెండో పద్ధతిలో ఒక వరుస ఉంది, మలుపు ఉంది, చదివే మనిషి ఉన్నాడు. మన శోకంలో ఉన్నట్టే.

కాబట్టి రాయడం మందు కాదు. చెదిరి ఉన్నదాన్ని వరుసలో పెట్టే పని. ఆ వరుస సరిగా ఉంటేనే ఓదార్పు.

ఎప్పుడు, ఎంత, దేనిమీద

మొదటి నెల లోపల లోతుగా రాయడం మొదలుపెట్టకపోవడమే మంచిది. ఆ రోజుల్లో నిద్ర ఉండదు, ఇల్లంతా జనం, కర్మల పనులు. అప్పుడు రాయాలనిపిస్తే ఒకటి రెండు వాక్యాలు చాలు. ఎవరు వచ్చారు, ఆయన గురించి ఏం చెప్పారు అని. పాత దోస్తు ఎవరో వచ్చి మీకు తెలియని ఒక సంగతి చెప్పిపోతాడు. అది మళ్లీ దొరకదు, అది మాత్రం రాసిపెట్టుకోవాలి.

నెల మాసికం తర్వాత వారానికి మూడు రోజులు, రోజుకు 15 నుంచి 20 నిమిషాలు. గడియారం ముందర పెట్టుకుని రాయాలి. టైం అయితే వాక్యం మధ్యలో ఉన్నా ఆపాలి. ఇది కఠినంగా అనిపించవచ్చు గానీ గంటలకొద్దీ రాసేవాళ్లలో ఎక్కువమంది రాయడం లేదు, కాగితం మీద కుమిలిపోతున్నారు. నాలుగు వారాలకు పన్నెండుసార్లు అవుతుంది. అక్కడ ఒకసారి ఆగి, నిద్ర, తిండి, పని మునుపటికంటే ఎట్లా ఉన్నాయో చూసుకుని కొనసాగాలో వద్దో తేల్చుకోవచ్చు.

మాపటేళ రాయొద్దు. దీపాలు పెట్టే యాళ్ల, పొలం నుంచో డ్యూటీ నుంచో మనిషి ఇంటికి రావాల్సిన సమయం అది. ఆ గంట అందరికీ కష్టమైనదే. పండుకునే ముందు అసలే వద్దు, రాసిన మాటలే చీకట్లో తిరుగుతుంటాయి. పొద్దున ఛాయ్ తర్వాత, లేదంటే పగటి అన్నం తిని ఇల్లు సద్దుమణిగినంక రాయాలి. రాయడం కాగానే చేతులకు పని చెప్పాలి. బియ్యం ఏరడం, చెట్లకు నీళ్లు పోయడం, హన్మకొండలో ఉన్నవాళ్లయితే భద్రకాళి బండ్ మీద ఒక చుట్టు నడవడం. రాతలో నుంచి బయటికి రావడానికి ఒక తలుపు ఉండాలి, లేకపోతే రోజంతా అందులోనే ఉండిపోతారు.

పుస్తకం 200 పేజీల రూళ్ల లాంగ్ నోటుబుక్కు చాలు. కళ్లు సరిగా ఆననివాళ్లు ఒక గీత వదిలి ఒక గీత మీద రాయాలి. అందమైన డైరీ కొంటే చేయి ముందుకు పోదు. అందులో తప్పులు రాయడానికి మనసొప్పదు.

ఇక ఏం రాయాలి. చాలామంది మొదటి పేజీలో రాసే వాక్యం "ఆయన దేవుడసొంటి మనిషి, ఆయన లేని నా బతుకు చీకటి." ఇందులో అబద్ధం లేదు. కానీ ఈ వాక్యం ఏ ఇంటికైనా సరిపోతుంది, మీ మనిషి అందులో లేడు. అందుకే ఎన్నిసార్లు రాసినా తేలిక కాదు. దీన్ని చూడండి:

"ఎండాకాలం మాపటికి వాకిట్ల మంచం ఏసుకునేటోడు. నీళ్ల సెంబు తలాపున పెట్టాలె. ఒక్కనాడు మర్చిపోయిన. పిలువకుంట తనే లేసి తెచ్చుకున్నడు. నాకు తెల్లారినంక తెలిసింది."

ఐదు వాక్యాలే. మనిషి కనిపిస్తున్నాడు, ఇద్దరి మధ్య ఉన్నదేమిటో కనిపిస్తున్నది. ఇట్లాంటివి దొరకాలంటే వస్తువు నుంచి మొదలుపెట్టాలి. చెప్పులు ఎక్కడ విడిచేవాడు, పచ్చిపులుసులో ఉప్పు తక్కువైతే ఏమనేవాడు, ఆమె కొంగుకు ఏం ముడేసుకునేది, బీరువా తాళం ఎక్కడ దాచేది. ఒక్కసారికి ఒక్క వస్తువు.

మొదటి వారం ఇట్లా వస్తువులతో గడపాలి. రెండో వారం జరిగింది జరిగినట్టు, జబ్బు మొదలైన నాటి నుంచి, ముక్కలు ముక్కలుగా. మూడో వారం పోయిన మనిషికి ఉత్తరం, శోకం వరుసలోనే. పిలవండి, ఆయన చేసినవి లెక్కపెట్టండి, నిష్ఠూరమాడండి, రేపటి సంగతి అడగండి. నిష్ఠూరం దగ్గర వెనుకాడొద్దు. పోయినవాళ్ల మీద కోపం రావడం పాపం కాదు. అప్పు సంగతి చెప్పకుండా పోయినందుకు, షుగరు ఉందంటే వినకుండా తాగినందుకు కోపం ఉంటుంది, అది లేనట్టు రాసిన ఉత్తరం దండ వేసిన ఫొటో లెక్క ఉంటుంది. నాలుగో వారం మలుపు తిప్పాలి. ఇదే కష్టంలో ఉన్న ఇంకో ఆడబిడ్డకు, చెల్లెకో వదినెకో రాస్తున్నట్టు రాయాలి. ఆమెను "నీదే తప్పు" అంటామా? అనం. ఆమెకు చెప్పే మాట మనకు మనం ఇన్నాళ్లూ చెప్పుకోలేదని ఆ కాగితం మీదే తెలిసొస్తుంది. వాగ్నర్ బృందం పద్ధతిలోనూ ఇట్లాంటి ఉత్తరం ఒక ముఖ్య భాగం.

ఏ భాషలో రాయాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ పని చెడేది తరచూ ఇక్కడే. పదో తరగతి దాకా చదివినవాళ్లు కూడా కాగితం ముందు కూర్చోగానే "నా ప్రియమైన భర్త గారికి" అని మొదలుపెడతారు. ఇంట్లో ఏనాడూ అనని మాట అది. ఆ తర్వాత వచ్చే వాక్యాలన్నీ అరువు వాక్యాలే అవుతాయి. "ఇగో, వింటున్నవా" అని పిలిచి ఉంటే అట్లనే రాయాలి. బడిపలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలని పోరిన కవి కాళోజీ బతికింది మన హన్మకొండలోనే. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ మాటకు ఇంతకంటే అవసరమైన చోటు ఉండదు. అక్షర దోషాలు దిద్దుకోవద్దు. దిద్దడం మొదలైతే రాయడం ఆగిపోతుంది.

మారుతున్నదో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. పెన్నెబేకర్ తర్వాతి పరిశీలనల్లో, మొదటి రోజు నుంచి చివరి రోజుకు వచ్చేసరికి "ఎందుకంటే", "అర్థమైంది" వంటి మాటలు పెరిగినవాళ్లకు ఎక్కువ మేలు జరిగినట్టు చూశారు. "నేను" నుంచి మిగతా మనుషుల వైపు, మళ్లీ వెనక్కి, మారుతూ రాయడమూ మంచి గుర్తేనన్నారు. మన యాసలో "నేను" అనకున్నా క్రియ చివరే పట్టిస్తుంది. మర్చిపోయిన, చేయలేకపోయిన, ఉండలేకపోతున్న. పేజీ నిండా ఇట్లాంటివే ఉంటే తర్వాతిసారి కావాలని "అన్నడు", "తెచ్చింది", "పోయినం" అని ముగిసే వాక్యాలు రాసి చూడండి. చూపు తనంతట తానే పక్కకు జరుగుతుంది.

ఎక్కడ చిక్కుతారు

అన్నింటికంటే ఎక్కువమంది చిక్కేది దవాఖాన రోజుల దగ్గర. "మొదటి రోజే హైదరాబాద్ తీసుకపోతే బతుకుతుండె." ఈ వాక్యం నలభైసార్లు రాసినా నలభై ఒకటోసారి అంతే పదునుగా ఉంటుంది. ఇట్లా ఒకే వాక్యం మూడుసార్లు వచ్చిందంటే ఆ దారిన ఇక పోవద్దు, పద్ధతి మార్చాలి. పేజీకి నిలువుగా గీత కొట్టండి. ఎడమ వైపు "ఆనాడు మాకు తెలిసింది", కుడివైపు "తర్వాత తెలిసింది". ఎడమ వైపు తారీఖు, టైం, డాక్టరు చెప్పిన మాట, చేతిలో ఉన్న పైసలు, దొరికిన బండి, ఎవరెవరు ఇంట్లో ఉన్నారు అన్నీ రాయాలి. స్కానింగులో ఏం తేలింది, చుట్టాల్లో ఎవరు తర్వాత ఏమన్నారు, యూట్యూబులో ఏం చూశారు, ఇవన్నీ కుడివైపు పోతాయి. మనం మనల్ని నిందించుకునేది దాదాపు ఎప్పుడూ కుడివైపు ఉన్నవాటితోనే. ఆ రాత్రి నిర్ణయం తీసుకున్న మనిషి చేతిలో ఎడమ వైపుదే ఉండె. ఒకవేళ ఎడమ వైపే నిజమైన పొరపాటు కనబడితే, దాన్ని కప్పిపుచ్చొద్దు. క్షమించమని ఒక ఉత్తరం రాయాలి, ఒక్కటే, పూర్తిగా.

రెండో చిక్కు, ఎవరికీ చెప్పుకోలేని ఊరట. రెండు మూడేండ్లు పక్షవాతంతోనో కేన్సరుతోనో మంచాన పడ్డ మనిషికి సేవ చేసినవాళ్లకు, పోయినరోజు గుండెలో ఎక్కడో "ఇగ అయిపోయింది" అనిపిస్తుంది. ఆ తర్వాత తమ మీద తమకే అసహ్యం వేస్తుంది. ఊరట జబ్బు పోయినందుకు, మనిషి పోయినందుకు కాదు. ఈ తేడా ఎదుటివాళ్లకు నోటితో చెప్పడం కష్టం, కాగితం మీద రెండు వాక్యాల్లో విడదీయవచ్చు. బొట్టు తుడిచి, గాజులు తీసిన రోజు గురించి ఉన్న కోపం, భూమి పంపకాల్లో బావల మీద, మరుదుల మీద ఉన్న కోపం, ఇవీ ఈ తరగతివే.

మూడోది, ఒక విషయం రాయబోతే చేతులు వణకడం, ఊపిరి ఆడకపోవడం. అప్పుడు దాన్ని రాయొద్దు. వేరే విషయం రాయండి లేదా పుస్తకం మూయండి. ధైర్యం చేసి దాటాల్సిన వాగు కాదది.

భర్త గల్ఫ్‌లో ఉండగా పోయిన ఇండ్లది వేరే చిక్కు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇది తెలియని ఊరు లేదు. పెండ్లయిన పదిహేనేండ్లలో కలిసి ఉన్నది సెలవుల లెక్కన కొన్ని నెలలే ఉంటుంది. "మాకు చెప్పుకోను ఏమున్నది, ఫోన్లనే బతికినం" అంటారు. ఫోన్లో బతికినదీ బతుకే. ఎన్నింటికి చేసేవాడు, మొదట ఏం అడిగేవాడు, రూంలో వంట వంతు ఎవరిది, ఏ మాటకు ఫోను పెట్టేసేవాడు, ఇదంతా రాయదగినదే. ఇట్లాంటి ఇండ్లలో ఒక పని త్వరగా చేయాలి. ఆయన పంపిన వాయిస్ మెసేజీలు, వీడియోలు మెమరీ కార్డులోకో గూగుల్ డ్రైవ్‌లోకో కాపీ చేసిపెట్టుకోవాలి. వాడకుండా ఉన్న వాట్సాప్ ఖాతా సాధారణంగా 120 రోజులకు తొలగిపోతుంది, రీఛార్జి లేని నంబరు కూడా చేజారుతుంది. మీ ఫోనుకు వచ్చినవి మీ దగ్గర ఉంటాయి గానీ ఫోను పాడైతే అవీ పోతాయి. గొంతు మర్చిపోతానేమోనన్న భయం చాలామందిని రాత్రులు నిద్రపోనీయదు. ఆ భయానికి రాయడం కంటే ఈ కాపీయే మంచి మందు.

రాయడం రానివాళ్లు పెద్ద వయసులో చాలామంది ఉన్నారు. వాళ్లు ఫోను రికార్డర్‌లో పది నిమిషాలు మాట్లాడుకోవచ్చు. మాట్లాడేముందు తారీఖు చెప్పాలి, లేకపోతే తర్వాత ఏది ఎప్పటిదో తెలియదు. మనవరాలి చేత రాయించుకోవాలనుకుంటే జ్ఞాపకాలు మాత్రమే చెప్పాలి. కోపాలు, నిందలు పదిహేనేండ్ల పిల్ల మోయాల్సినవి కావు.

మగవాళ్ల సంగతి. "నాకు రాసుడేంది" అనే రైతు ఇంట్లో కూడా లెక్కల బుక్కు ఉంటుంది. యూరియా ఎన్ని బస్తాలు, పత్తి ఏరిన కూలి ఎంత, ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఏ ధరకు పోయింది అని ఏండ్ల తరబడి రాసిన చేయి అది. ఆ పద్దు పక్కనే ఒక్క వాక్యం చాలు. "ఇయ్యాల మిరప నారు పోసిన. నిరుడు గీ పని ఆమెనే చేసింది." వంట రాక తిండి మానేసేవాళ్లు వీళ్లలో ఎక్కువ. అందుకే గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు అన్నది కూడా రాయాల్సిన విషయమే.

ఇట్లాంటి రోజువారీ పనులు రాసుకోవడానికి ఇంకో పుస్తకం విడిగా పెట్టుకోవాలి, అది రెండో పుస్తకం. 1999లో స్ట్రోబ్, హెంక్ షుట్ చెప్పిన మాట ఏమిటంటే, దుఃఖంలో ఉన్న మనిషి రెండు పనుల మధ్య ఊగుతూ ఉంటాడు. ఒకటి పోయినవాళ్ల వైపు తిరగడం, ఇంకోటి మారిన బతుకును సర్దుకోవడం. అట్లా ఊగడమే ఆరోగ్యం, ఏదో ఒక్కదాని దగ్గరే ఆగిపోతే చిక్కు. మన పెద్దల అమావాస్య, పెత్రమాస, ఈ మాటనే చేసి చూపిస్తుంది. పొద్దున పెద్దల పేరు మీద బియ్యమిస్తాం, అదే మాపటికి ఎంగిలిపూల బతుకమ్మతో పండుగ మొదలుపెడతాం.

ఈ రెండో పుస్తకంలో దుఃఖం రాయొద్దు. తారీఖు, ఏ ఆఫీసు, ఎవరిని కలిసినం, ఏ కాగితం అడిగిండ్రు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నరు. ఈ కాలంలో జ్ఞాపకం నిలవదు, అది బుద్ధి తక్కువై కాదు, నిద్ర లేక. మరణ నమోదు 21 రోజుల్లో చేయించాలి. దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోతుంది. ఆ ధ్రువపత్రం లేకుండా బ్యాంకు నామినీ పని గానీ, ఆసరా వితంతు పింఛను గానీ, 18 నుంచి 59 ఏండ్ల రైతులకు 5 లక్షల రైతుబీమా గానీ కదలవు. జిరాక్సులు ఎన్ని తీసినం, ఒరిజినల్ ఎక్కడుంది అన్నది అట్ట లోపలి వైపు రాసుకోవాలి. ఏటీఎం పిన్ మాత్రం ఎక్కడా రాయొద్దు.

ఎవరైనా చదువుతారన్న భయం ఉంటే నిజం రాయలేం. ఉమ్మడి ఇంట్లో ఇది నిజమైన అడ్డంకి. తాళం పడే పెట్టె, లేదంటే నమ్మకమున్న అక్క ఇంట్లో పుస్తకం. అదీ కుదరకపోతే విడి కాగితాల మీద రాసి, అదేరోజు చింపేయడం. ప్రయోజనం రాయడంలో ఉంది, దాచడంలో కాదు. దాచాల్సిన జ్ఞాపకాల పేజీలను కోపం పేజీలతో ఒకే పుస్తకంలో కలపకపోతే తర్వాత చింపే బాధ తప్పుతుంది.

కొన్ని రాతలకు పుస్తకం చాలదు. "నేనూ ఆయన దగ్గరికే పోత" అన్న మాట అందరికీ ఎప్పుడో ఒకసారి వస్తుంది. అదే మాట రోజూ వస్తున్నా, ఎట్లా పోవాలన్నది కూడా రాస్తున్నా ఆ రోజే ఒక మనిషికి చెప్పాలి. ఇంట్లో పురుగుమందు ఉంటే వెంటనే పక్కింటివాళ్లకు అప్పజెప్పాలి. మానసిక సాయానికి ఉన్న సర్కారు ఫోను లైను టెలిమానస్ నంబరు 14416, రాత్రి పగలు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, పైసలు పడవు. వరంగల్ ఎంజీఎం దవాఖానలో మానసిక వైద్య విభాగం ఉంది. ఆరు నెలలు దాటినా రోజులో ఎక్కువసేపు అదే ఆరాటం, పనిచేయలేకపోవడం, మనిషి పోయిండన్నది నమ్మలేకపోవడం ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో దానికి దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అని పేరుంది, చికిత్స ఉంది.

రాసినది వెంటనే తిరగేయొద్దు. సంవత్సరీకం దాకా పక్కన పెట్టి, అప్పుడు పగటిపూట, ఇంట్లో ఇంకో మనిషి ఉండగా, మొదటి పేజీ నుంచి వరుసగా చదవాలి. చేతిలో పెన్ను ఉండాలి. పిల్లలకు ఇవ్వదగ్గ పేజీల మూల మడవండి. ఎవరూ చూడకూడదన్నవి అక్కడికక్కడే చింపి పొయ్యిలో వేయండి. మిగిలిన పేజీల చివర ఆ రోజు తారీఖు వేసి, ఇప్పుడు ఏమనిపిస్తున్నదో ఒక్క వాక్యం రాసి మూయండి. నీళ్ల సెంబు సంగతి మాత్రం మనవళ్లకు చదివి వినిపించవచ్చు.